'సిటీ ఆఫ్ గాడ్' క్లైమాక్స్: రాకెట్ ఆ ఫోటో దాచేయడం తప్పా, కాదా?

రీలుబండి:
సినిమా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, క్లైమాక్స్ మొత్తం చెప్పేస్తున్నా.

2002లో వచ్చిన బ్రెజిల్ సినిమా. రియో డి జనీరో శివార్లలోని పేదల కాలనీలో పెరిగిన రాకెట్, చివరికి కెమెరాతో ఓ మూల నక్కి రెండు దృశ్యాలు తీస్తాడు. ఒకటి, పోలీసులకు దొరికిన డ్రగ్స్ ముఠా నాయకుడు లిల్ జే దగ్గర పోలీసులు డబ్బంతా గుంజుకుని వదిలేయడం. రెండోది, కాసేపటికే రంట్స్ అనే పిల్లల గుంపు వాణ్ణి కాల్చి పడేశాక ఆ శవం. పోలీసుల ఫోటో బయటపెడితే దేశమంతా పేరు. శవం ఫోటో ఇస్తే పేపర్లో ట్రైనీ ఉద్యోగం. రాకెట్ శవాన్నే ఎంచుకున్నాడు.

చాలామంది దీన్ని హ్యాపీ ఎండింగ్ అంటారు. నాకు మాత్రం కడుపు మండింది. లిల్ జే పోతే ఇంకొకడు వస్తాడు. ఆ తుపాకులు అమ్మించిందే పోలీసులు. అసలు వేరు మీద దెబ్బ కొట్టే ఫోటో చేతిలో ఉండి కూడా వదిలేశాడు.

వైజాగ్_వెన్నెల:
మీరు సోఫాలో కూర్చుని అంటున్నారండీ. ఫోటో అచ్చయితే ఏమవుతుందో రాకెట్‌కి అప్పటికే తెలుసు. లిల్ జే గ్యాంగ్ ఫోటో తనకు తెలియకుండానే పేపర్లో వచ్చేసిన రోజు ఎంత వణికిపోయాడు? చంపేస్తారని ఇంటికి కూడా వెళ్లలేకపోయాడు. లిల్ జే పోయినా పోలీసులు ఎక్కడికీ పోరు కదా. రాకెట్ చిన్నప్పుడు ఆ కాలనీ కుర్ర దొంగ షాగీని కాల్చేసింది కూడా వాళ్లే. ఇరవై ఏళ్ల కుర్రాడు, వెనక ఎవరూ లేరు. వాణ్ణి బతకనివ్వండి.

కరీంనగర్_కుర్రోడు:
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. రాకెట్ అన్న గూస్‌ని చంపింది లిల్ జేనే. అంటే అన్నను చంపినవాడి శవాన్ని ఫోటో తీసి, దాంతోనే ఉద్యోగం తెచ్చుకున్నాడు. పక్కనే లిల్ జే శత్రువు నెడ్ కథ చూడండి. లిల్ జే మీద పగ తీర్చుకోవడానికి తుపాకీ పట్టాడు, బ్యాంకు దోపిడీలో ఒక గార్డును చంపాడు. ఆ గార్డు కొడుకే నెడ్ గ్యాంగ్‌లో చేరి నెడ్‌ని లేపేశాడు. ఇలా ఒకరి తర్వాత ఒకరు పోతున్న చోట, తుపాకీ పట్టకుండా బయటపడినవాడు రాకెట్. అది పిరికితనం అని నేననలేను.

ఇంకో మాట. రాకెట్ దాచిన దృశ్యాన్ని సినిమా మనకు చూపించింది కదా! ఆ కాలనీలోనే పెరిగిన పౌలో లిన్స్ 1997లో నవల రాశాడు, దాన్నుంచే ఈ సినిమా వచ్చింది. నిజం ఆగలేదు, దారి మార్చుకుంది.

రీలుబండి:
అన్న సంగతి బాగా గుర్తుచేశావు తమ్ముడూ, ఆ కోణంలో రాకెట్ మీద నాకూ జాలి ఉంది. వెన్నెల గారన్న భయమూ నిజమే. అయినా నన్ను వదలనిది ఆ రంట్స్ పిల్లలు. అంతకుముందు సీన్ ఉంది కదా, లిల్ జే ఇద్దరు పిల్లల్ని గోడకు తోసి, చేతిలోనా కాలిలోనా ఎక్కడ కాల్చాలో చెప్పమంటాడు. ఆ చిన్నోడు వెక్కివెక్కి ఏడుస్తాడు. తర్వాత ఇంకో పిల్లాడి చేతికి తుపాకీ ఇచ్చి, వీళ్లలో ఒకణ్ణి చంపమంటాడు. రెండోసారి చూసినప్పుడు నేనా సీన్ దాటించేశాను, నా వల్ల కాలేదు.

అలాంటి పిల్లలే చివర్లో తుపాకులు ఊపుకుంటూ, ఇంకా ఎవరెవర్ని వేసేయాలో లిస్టు చెప్పుకుంటూ నడిచిపోతారు. రాకెట్ బయటపడ్డాడు, వీళ్లు లోపలే ఉండిపోయారు. కథ ముగిసేది 80ల మొదట్లో. నవల వచ్చింది 1997లో. నిజం దారి మార్చుకుందంటున్నావు, మరి ఆ మధ్యలో పోయిన పిల్లల మాటేంటి? ఆ ఫోటో ఆ రోజే అచ్చవ్వాల్సింది.