పాత మావ్రో ద్రాక్ష తీగలు పీకెయ్యాలా ఉంచాలా? సైప్రస్‌లో ఉన్నోళ్ళు చెప్పండి

లిమాసోల్_శీను:
అందరికీ నమస్కారం. నేను త్రోదోస్ కొండల దక్షిణం వాలులో దోరోస్ వైపు ఒక ముసలాయన దగ్గర తోట పనిలో ఉన్నా. పైగట్టు మీద పాత మావ్రో (ఇక్కడి నల్ల ద్రాక్ష), కింద మడుల్లో కొంచెం క్సినిస్తేరి (తెల్ల ద్రాక్ష) ఉంది. అన్నీ పొదలే, పందిరి లేదు వైరు లేదు, నడుం వంచి కొయ్యాల్సిందే. ఇప్పుడు కొడుకు టౌన్ నుంచి వచ్చి మావ్రో అంతా పీకేసి మారాథెఫ్టికో అనే ఇంకో నల్ల ద్రాక్ష ఒక్కటే వేసి డ్రిప్పు పెడదాం అంటున్నాడు, ముసలాయన ససేమిరా అంటున్నాడు, ఇద్దరూ గ్రీకులో గంట అరుచుకుని చివరికి నువ్వేమంటావ్ అని నన్నడుగుతున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంకోటి, కోతలయ్యాక చలికాలం పని ఉంటుందా? కత్తిరింపులు నేర్చుకుంటే జీతం పెంచుతారా?

గోదారమ్మాయి:
శీను గారూ, పీకడం సంగతి నాకు తెలీదండి, నేను ఒక పెద్దావిడని చూసుకునే పనిలో ఉన్నాను. కానీ ద్రాక్షల టైమొస్తే వాళ్ళింట్లో రసం కాచి పిండి కలిపి పలూజే చేస్తారండి, బాదం పప్పులు దారానికి గుచ్చి అందులో ముంచడం ఆరబెట్టడం మళ్ళీ ముంచడం, అలా పొర మీద పొర వేస్తే షూషూకోస్ అవుతుంది, అచ్చం మా ఆత్రేయపురం మామిడి తాండ్రే అనుకోండి. మొదటిసారి తిన్నప్పుడు ఏడుపొచ్చేసింది. మావ్రో పీకేస్తే ఇది దేంతో చేస్తారండీ పాపం?

వైన్_వివేక్_హైదరాబాద్:
నేను లండన్ వాళ్ళ వైన్ కోర్సు మూడో లెవెల్ పాసయ్యాను కాబట్టి కొంచెం టెక్నికల్‌గా చెప్తా. మావ్రో వేస్ట్ బ్రో. కాయ పెద్దది, రంగు తక్కువ, పులుపు తక్కువ. అది దీవి అంతా ఎందుకు పరుచుకుందంటే రుచికి కాదు, దిగుబడికి. ఒకప్పుడు బ్రిటన్‌కి సైప్రస్ షెర్రీ అని చవగ్గా వైన్ పంపేవాళ్ళు, మిగతాది సోవియట్ వైపు బల్క్‌లో పోయేది. సోవియట్ కూలింది, షెర్రీ స్పెయిన్ వాళ్ళ పేరు కాబట్టి 1996 నుంచి అది వాడకూడదన్నారు, ఖతం. యూరోపియన్ యూనియన్‌లో చేరాక తోటలు పీకినందుకు ఎదురు డబ్బులిచ్చారు కూడా. పీకెయ్యమనండి. కమాండరియా అని ఇక్కడి పాత వైన్ పేరు చెప్పి అందరూ ఊగిపోతారు గానీ అది కూడా స్పిరిట్ కలిపిన స్వీట్ వైనే కదా, అందులో పెద్ద గొప్పేముంది.

కడప_నాగ:
యాడ కలిపినారు సామీ స్పిరిటు, నువ్వు చూసినావా? నేను చేసినా కమాండరియా పని. గుత్తులు కోసి నేల మీద పట్టాలు పరిచి ఎండకేస్తాము, వారం పది రోజులు, మధ్యలో తిప్పతా ఉండాల, మబ్బు పట్టిందంటే ఉరుకులే. ఎండి ఎండి చక్కెర ఎంత చిక్కబడతాదంటే పిండితే రసం కారేదానికే లేటు. పులిసేటప్పుడు ఈస్టే 15 శాతం కాడ చేతులెత్తేస్తాది, మిగిలిన తీపి అట్లే ఉండిపోతాది. నా చేతుల్తో ఒక్క చుక్క స్పిరిటు పొయ్యలా. చదవేస్తే ఉన్న మతి పోయిందంట.

వైన్_వివేక్_హైదరాబాద్:
పర్సనల్‌గా వెళ్ళొద్దు. నువ్వు పనిచేసిన ఒక్క సెల్లార్ చూసి దీవి మొత్తానికి చెప్తున్నావ్. ఫార్టిఫైడ్, అంటే స్పిరిట్ కలిపిన కమాండరియా షాపుల్లో ఉంది, లేబుల్ చదువుకో, చదవడం వచ్చుంటే.

కడప_నాగ:
చదవడం వచ్చు, ద్రాచ్చ కొయ్యడమూ వచ్చు. ఆగస్టు ఎండలో మధ్యాన్నం దాకా వంగి కోసినాక నువ్వు ఏ లెవెల్లో ఉంటావో చూస్తా.

నికోసియా_స్వాతి:
అబ్బా ఆపండి ఇద్దరూ. రూల్ ప్రకారం ద్రాక్ష ఆల్కహాల్ కలపొచ్చు, కలిపితీరాలని లేదు, వైన్‌లో ఆల్కహాల్ 20 శాతం దాటకూడదు. కొందరు కలుపుతారు, కొందరు కలపరు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, ఇద్దరూ అరుస్తున్నారు.
శీను గారికి పనికొచ్చే సంగతి ఎవరూ చెప్పలేదు. కమాండరియా పేరు పెట్టుకునే హక్కు 14 ఊళ్ళకే ఉంది, దోరోస్ వాటిలో ఒకటి. లానియా, సిలికూ, మోనాగ్రి, జోపిగి ఇవన్నీ లిస్టులో ఉన్నాయి. ఆ ద్రాక్ష క్సినిస్తేరి గానీ మావ్రో గానీ అయ్యుండాలి, తీగలు పొదలాగే పెంచాలి, నాలుగేళ్ళన్నా నిండాలి, నీళ్ళు పెట్టకూడదు. తర్వాత ఓక్ పీపాల్లో కనీసం రెండేళ్ళు ఉంచాలి. అంటే కొడుకు గారు మావ్రో పీకి డ్రిప్పు పెట్టారంటే ఆ గట్టు ఇక కమాండరియా లెక్కలోంచి పోయినట్టే. ముందు ఈ మాట ఆయనకి చెప్పండి.

రంగారెడ్డి_రైతుబిడ్డ:
అన్నా మా తాత టైంల మా కాడ పటాన్‌చెరు నుంచి శంషాబాద్ దాకా అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిర్లే ఉండె, ఇప్పుడు అన్నీ ప్లాట్లే. మా బాబాయిది సోలాపూర్ దిక్కు తోట, అక్కడ డాగ్‌రిడ్జ్ వేరు మీద అంటు కట్టనిదే ఎవ్వరూ వెయ్యరు, ఉప్పు నీళ్ళు గద. మరి మీ కాడ అంటు లేకుంట సొంత వేరు మీదనే బతుకుతయా? నీళ్ళు పెట్టకుంట? గట్లయితే ఆ క్సినిస్తేరి కట్టెలు నాలుగు బ్యాగుల ఏసుకొని రారాదే, పైసలిస్త.

నికోసియా_స్వాతి:
సొంత వేరు మీదే. 1860ల్లో అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా పురుగు ఫ్రాన్స్ నుంచి మొదలుపెట్టి యూరప్ తోటల వేర్లన్నీ తినేసింది, అందుకే అక్కడ అమెరికన్ వేరు మీద అంటు కడతారు. సైప్రస్‌కి అది రాలేదు, అంటు అవసరం పడలేదు. కరువుకి క్సినిస్తేరి గట్టిదే, ఆస్ట్రేలియాలో అడిలైడ్ యూనివర్సిటీ వాళ్ళు కూడా దాని మీదా మారాథెఫ్టికో మీదా పని చేశారు. బ్యాగులో కట్టెలు మాత్రం దయచేసి వద్దు. మనదేశంలోకి మొక్కలు తేవాలంటే పర్మిట్ ఉండాలి, ఆరోగ్య సర్టిఫికెట్ ఉండాలి, 2003 ఆర్డర్ ఉంది.

రంగారెడ్డి_రైతుబిడ్డ:
నాలుగు కట్టెలకు పర్మిటా! పెద్ద కంపెనీలోళ్ళు తెస్తే ఏం గాదు, రైతు తెస్తే రోగాలొస్తయా?

కడప_నాగ:
వస్తాయి అన్నా. పురుగు రైతా కంపెనీనా అని చూడదు. ఎవడో ఒకడు ఇట్లే నాలుగు కట్టెలు ఈ దేశంలోకి తెచ్చుంటే ఈ దీవిలో తోటలే ఉండేవి కావు.

రంగారెడ్డి_రైతుబిడ్డ:
సరే తియ్ సారూ, అడిగిన్నంతే. గంత గరం ఎందుకు.

సాంతోరిని_ఫ్యాన్:
సైప్రస్ కన్నా సాంతోరిని చూడండి ఫ్రెండ్స్, పెళ్ళయ్యాక వెళ్ళాం, అక్కడ అసిర్తికో తీగల్ని గాలికి తట్టుకునేలా నేల మీద గంపల్లా చుట్టేస్తారు, కాయలు లోపల దాక్కుంటాయి. అవి కూడా సొంత వేర్లే. ముదిరిన గంపని నరికేస్తే పాత వేరు నుంచే మళ్ళీ చిగురేస్తుంది. సైప్రస్ వైన్ ఎయిర్‌పోర్టులో తాగాం, బాలేదు.

గోదారమ్మాయి:
ఎయిర్‌పోర్టులో కాఫీ కూడా బాగోదండి 😀

లిమాసోల్_శీను:
నా ప్రశ్న ఏంటి మీరు మాట్లాడేదేంటి. సాంతోరిని హనీమూన్ నేనడిగానా? మారాథెఫ్టికో వెయ్యాలా వద్దా చెప్పండి, జీతం సంగతి చెప్పండి. స్వాతి గారికి ఒక్కరికే థాంక్స్.

వైన్_వివేక్_హైదరాబాద్:
మారాథెఫ్టికో వెయ్యమను బ్రో, అది సీరియస్ రెడ్. రంగుంది, టానిన్ (వగరు) ఉంది, మంచి రేటొస్తుంది. కళ్ళు మూసుకుని వెయ్యొచ్చు.

పాఫోస్_బాబాయ్:
కళ్ళు మూసుకుని వేస్తే కాయలుండవు బాబూ. నేను ఇక్కడ చాలా ఏళ్ళుగా తోటల్లోనే ఉన్నా. మారాథెఫ్టికో పువ్వు ఆడపువ్వు కిందే లెక్క, దాని పుప్పొడి దానికి పనికిరాదు. ఒక్కటే వేశారా, గుత్తికి నాలుగు గింజలు మిగిలి తక్కినవి రాలిపోతాయి. వరసల మధ్యలో అదే టైముకి పూసే వేరే రకం ఉండాలి, పాతోళ్ళు స్పూర్తికో వేసేవాళ్ళు. ఇది ఏ లెవెల్లో చెప్తారో మరి.
జీతం అడిగావు కాబట్టి చెప్తున్నా. ద్రాక్ష ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ దాకా, కొండ పైకి వెళ్ళేకొద్దీ లేటు. కత్తిరింపులు జనవరి ఫిబ్రవరిలో. పొదల కత్తిరింపు చేతికొచ్చినవాడికి పని కరువుండదు, ఇప్పుడు ఊళ్ళలో ముసలోళ్ళే మిగిలారు. కానీ జీతం మాట ముందే కాగితం మీద రాయించుకో. నాకు ఒకాయన రెండు నెలల డబ్బులు ఎగ్గొట్టి వచ్చే కోతలకి ఇస్తా అన్నాడు, ఆ కోతలకి ఆయన తోటే అమ్మేశాడు.

వైన్_వివేక్_హైదరాబాద్:
పాలినేషన్ సంగతి నాకు తెలుసు, అది బేసిక్ అని చెప్పలేదు.

కడప_నాగ:
ఓహో.

ఓమోదోస్_రాజు:
మీరు మావ్రో మారాథెఫ్టికో అని కొట్టుకుంటున్నారు, 2025 జూలైలో ఈ కొండల్లో మంటలొచ్చి ఊళ్ళకి ఊళ్ళు కాలాయి, ఇద్దరు చనిపోయారు, ఎన్ని తోటలు మాడాయో. దిక్కులేకుండా వదిలేసిన తోటల్లో ఎండుగడ్డి పేరుకుపోయి ఉంటుంది, నిప్పు అందుకుంటే ఆగేది కాదు. దున్ని బాగుచేసిన తోటే కొంచెం అడ్డం పడేది. శీను బ్రదర్, ఏ రకం అయినా సరే, పీకేసి ఖాళీగా మాత్రం ఉంచొద్దని చెప్పు. పీకుడు ఒక్క రోజులో అయిపోద్ది, కొత్త మొక్క కాపుకి రావాలంటే ఏళ్ళు.

గోదారమ్మాయి:
ఆ రోజుల్లో మా ఇంటి దాకా పొగ వచ్చిందండి. పెద్దావిడ కిటికీ దగ్గర నుంచి లేవలేదు, చిన్నప్పుడు ఆ తోటల్లోనే తిరిగిందట.

లిమాసోల్_శీను:
అప్డేట్. పాఫోస్ బాబాయ్ చెప్పిందీ స్వాతి గారు చెప్పిందీ వచ్చీరాని గ్రీకులో కొడుక్కి చెప్పా. ఆడపువ్వు మాట నమ్మలేదు, ఎవరికో ఫోన్ చేసి కనుక్కున్నాడు, తర్వాత సైలెంట్. పైగట్టు మావ్రో అలాగే ఉంటుంది, నీళ్ళు పెట్టరు. రోడ్డు పక్కన బీడుపడ్డ రెండు మడుల్లో మారాథెఫ్టికో, మధ్యలో స్పూర్తికో వేస్తారట, డ్రిప్పు అక్కడే. ముసలాయన మూడు చిన్న గ్లాసుల్లో జివానియా (ఇక్కడి ద్రాక్ష సారా) పోశాడు, గొంతు కాలిపోయింది. జీతం కాగితం అడిగితే మాత్రం కోతలయ్యాక చూద్దాం అన్నారు.

పాఫోస్_బాబాయ్:
కోతలయ్యాక కాదు. కోతలకి ముందే రాయించుకో, ఇప్పుడే నీ అవసరం వాళ్ళకుంది.

రంగారెడ్డి_రైతుబిడ్డ:
పర్మిట్ ఫారం యాడ దొరుకుతదో స్వాతక్క జర లింక్ పెట్టు.