బైబ్యాక్ పేపర్లు రెండుసార్లు వెనక్కొచ్చాయి, నోటరీ సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

ఫ్రీమాంట్, కొత్త మెంబర్:

అందరికీ నమస్తే. నేను హెచ్1బీ మీద ఇక్కడికొచ్చి ఏడాదిన్నర అవుతోంది. వచ్చిన కొత్తలోనే లోన్ పెట్టి కొత్త కారు కొన్నా, టైటిల్ (బండి ఓనర్‌షిప్ కాగితం) మీద నా పేరు మా ఆవిడ పేరు రెండూ ఉన్నాయి. లివర్‌మోర్ గుళ్ళో పూజ చేయించి నిమ్మకాయలు కూడా తొక్కించాం, అయినా బండి లెమనే (ఎన్నిసార్లు బాగుచేసినా బాగుపడని బండి) అయింది. ట్రాన్స్‌మిషన్ కోసం నాలుగుసార్లు డీలర్ దగ్గర పడేశా, చివరికి లాయర్ ద్వారా వెళ్తే కంపెనీ బైబ్యాక్‌కి, అంటే బండి వెనక్కి తీసుకుని డబ్బులివ్వడానికి, ఒప్పుకుంది. ఇప్పుడు రిలీజ్ (ఇక కంపెనీ మీద క్లెయిమ్ లేదని రాసిచ్చే పేపర్), పవర్ ఆఫ్ అటార్నీ రెండూ నోటరీ చేయించి పంపమన్నారు. మొదటిసారి పంపితే నోటరీ ఇన్‌కంప్లీట్ అన్నారు, రెండోసారి పేరు మ్యాచ్ కాలేదన్నారు. పైగా మా ఆవిడ డెలివరీకి గుంటూరు వెళ్ళింది, పాపకి ఇప్పుడు మూడో నెల. తన సంతకానికీ నోటరీ కావాలంట. గుంటూరు కోర్టు దగ్గర చేయిస్తే సరిపోతుందా? ఇంకా 12 రోజులే టైముంది, టెన్షన్‌గా ఉంది.

సన్నీవేల్:

తమ్ముడూ, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టు, ఇవాళే లాయర్‌కి మెయిల్ కొట్టి గడువు పొడిగించమని అడగమను. ఫోన్లో కాదు, మెయిల్లో. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఇంకో సంగతి, కాలిఫోర్నియాలో బండి చేతులు మారడానికి డీఎంవీ (బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు) నోటరీ అడగదు. ఒహాయో, పెన్సిల్వేనియా, నార్త్ కరోలినా లాంటి చోట్ల టైటిల్ మీద అమ్మేవాడి సంతకానికే నోటరీ కావాలి, ఇక్కడ అలా కాదు. అంటే నీ పేపర్లు ఆపుతున్నది గవర్నమెంటు కాదు, కంపెనీ తరఫున ఎక్కడో కూర్చుని ఫైలు చూసే మనిషి. ఆ మనిషి దగ్గర ఒక చెక్‌లిస్ట్ ఉంటుంది. అది తెప్పించుకో. ఏ పేపర్‌కి నోటరీ కావాలి, ఒరిజినల్ కావాలా స్కాన్ చాలా, ఆన్‌లైన్ నోటరీ ఒప్పుకుంటారా, ఇండియాలో చేయిస్తే ఏ రకం ఒప్పుకుంటారు, ఈ నాలుగూ లాయర్ చేత రాతలో అడిగించు. నేను ఇవి అడక్కుండా నా తెలివితేటలతో పంపి మూడుసార్లు తిప్పించుకున్నా, అదీ అయిదేళ్ళ కింద, ఇంకో రకం బండికి.

మన దగ్గర నోటరీ అంటే కోర్టు బయట చెట్టుకింద బల్ల వేసుకున్న లాయర్ గారు, ఎర్ర సీలు, స్టాంపులు, మనిషి రాకపోయినా పని అయిపోతుంది. ఇక్కడ నోటరీ లాయర్ కానక్కర్లేదు, బ్యాంకులో పనిచేసే అమ్మాయో, యూపీఎస్ స్టోర్లో పార్శిల్ తూకం వేసే అబ్బాయో అయ్యుంటాడు. నీ పేపర్లో ఏం రాసుందో వాళ్ళకి పనిలేదు, ఎదురుగా నిలబడింది నువ్వేనా కాదా, అంతవరకే. కాలిఫోర్నియా సర్టిఫికెట్ పైన డబ్బా కట్టి ఆ మాటే ప్రింట్ చేసి ఉంటుంది చూడు. అందుకే రిజెక్ట్ అయ్యేది చాలావరకు నువ్వు రాసిన సగం కాదు, వాళ్ళు రాసిన సగం. నా మొదటి రిజెక్షన్ ఎందుకో తెలుసా? స్టేట్ ఆఫ్ కాలిఫోర్నియా అని ఉంది, కింద కౌంటీ ఆఫ్ అని ఖాళీ గీత. ఆ అమ్మాయి శాంటా క్లారా అని రాయడం మర్చిపోయింది, నేను చూసుకోలేదు, దానికి పది రోజులు పోయాయి. రెండోసారి సీలు నా సంతకం మీద పడింది, స్కాన్‌లో రెండూ కలిసి నల్లటి మచ్చ. కాబట్టి కౌంటర్ దగ్గర్నుంచి కదలకముందే చూసుకో: కౌంటీ, తేదీ, నీ పేరు పూర్తిగా రాశారా, వాళ్ళ సంతకం, సీలు అక్షరాలు చదవగలిగేట్టు ఉన్నాయా. లైన్లో వెనక నిలబడ్డవాళ్ళు చూస్తారని మొహమాటపడకు.

నోటరీ సర్టిఫికెట్లో రెండు రకాలున్నాయి, అక్‌నాలెడ్జ్‌మెంట్ ఒకటి, జురాట్ ఒకటి. మొదటిదానికి సంతకం ముందే పెట్టుకుని వెళ్ళినా పర్లేదు, ఇది నా సంతకమే అని చెప్తే చాలు. జురాట్ అంటే ప్రమాణం చేసి వాళ్ళ ముందే పెట్టాలి. ఏది కావాలో నోటరీ నీకు చెప్పకూడదు, అది లీగల్ సలహా కింద వస్తుంది, అడిగితే మీ ఇష్టం అంటారు, మనం ఏదో ఒకటి అంటాం, అక్కడ దొరికిపోతాం. అదీ లాయర్నే అడుగు. అసలు ఎక్కడా సంతకం పెట్టకుండా తీసుకెళ్తే ఏ గొడవా ఉండదు.

పవర్ ఆఫ్ అటార్నీకి కాలిఫోర్నియా నోటరీ తన పుస్తకంలో నీ వేలిముద్ర కూడా తీసుకుంటారు, చట్టం అది. మనకి వేలిముద్ర అంటే సంతకం రానివాళ్ళు వేసేది అని ఒక ఫీలింగు కదా, నేనైతే ఒక్క నిమిషం నాకు సంతకం వచ్చండీ అని చెప్పబోయా. ఫీజు సంతకానికి 15 డాలర్లకి మించి తీసుకోకూడదు. నీ బ్యాంకులో అడుగు, చాలా బ్రాంచీల్లో కస్టమర్లకి ఫ్రీగానే చేస్తారు, కాకపోతే ముందు ఫోన్ చేసి వెళ్ళు, నోటరీ లంచ్‌కి వెళ్ళారంటే మళ్ళీ రావాలి.

శాన్ రామోన్:

తమ్ముడూ, పేరు సంగతి నేను చెప్తా, ఎందుకంటే మా ఇంట్లో ముగ్గురివీ మూడు రకాలు. మా వారి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, అందుకని వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని వేశారు, లైసెన్స్ మీద అదే ఆయన పేరైపోయింది. నాకేమో పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే డీలర్ పేపర్లలో ఒక్క అక్షరం. సేల్స్‌మన్ టైప్ చేసింది టైటిల్ మీదకి ఎక్కేస్తుంది, కొన్న సంతోషంలో మనం చూడం.

నోటరీ నీ ఐడీ మీద ఉన్న పేరు చూస్తారు, కంపెనీ టైటిల్ మీద ఉన్న పేరు చూస్తుంది. రెండూ వేరైతే మధ్యలో నువ్వు ఇరుక్కుంటావ్. కొనేటప్పటి కాంట్రాక్టు, రిజిస్ట్రేషన్ కార్డు, లైసెన్స్, పాస్‌పోర్టు నాలుగూ బల్లమీద పెట్టుకుని అక్షరం అక్షరం చూడు. తేడా ఉంటే ఆ రెండు పేర్లూ ఒకే మనిషివి అని అఫిడవిట్ తయారుచేయమని లాయర్ని అడుగు, అదీ నోటరీ చేయించి మిగతావాటితో కలిపి పంపు. వాళ్ళు రిలీజ్‌లో పేరు సరిగ్గా టైప్ చేసి కొత్త కాపీ పంపిస్తే ఇంకా మంచిది. నువ్వు పెన్నుతో కొట్టేసి దిద్దకు.

ఇక మీ ఆవిడ సంతకం. ముందు రెండు పేర్ల మధ్య ఏముందో చూడు. ఆర్ అని ఉంటే టైటిల్ వరకు ఒక్కరు చాలు. ఆండ్ అని ఉన్నా, ఏటవాలు గీత ఉన్నా ఇద్దరూ పెట్టాలి. అయితే రిలీజ్ వేరే లెక్క, సెటిల్‌మెంట్‌లో తన పేరు కూడా ఉంటే ఎలాగూ తన సంతకం కావాల్సిందే.

గుంటూరు నోటరీ సీలు ఒక్కటే పంపితే తిరిగొచ్చే అవకాశమే ఎక్కువ. దాని మీద అపోస్టిల్ ఉండాలంటారు, అంటే అక్కడ నోటరీ అయ్యాక రాష్ట్ర ప్రభుత్వం అటెస్ట్ చెయ్యాలి, ఆపైన విదేశాంగ శాఖ స్టిక్కర్ వెయ్యాలి. ఇండియా 2005లోనే ఆ ఒప్పందంలో చేరింది కాబట్టి చెల్లుతుంది, కానీ 12 రోజుల్లో ఆ తిరుగుడంతా నేను నమ్మను. దానికన్నా హైదరాబాద్‌లో అమెరికన్ కాన్సులేట్‌లో నోటరీ అపాయింట్‌మెంట్ తీసుకోమను. అమెరికా సిటిజన్ కానక్కర్లేదు. ఒక్కో సీలుకి 50 డాలర్లు, రెండు పేపర్లకి రెండు సీళ్ళైతే 100. బేగంపేట పైగా ప్యాలెస్ కాదు, 2023లో నానక్‌రామ్‌గూడకి మారిపోయింది, మా తమ్ముడు పాత అలవాటుకొద్దీ ప్యాలెస్ దగ్గర ఆటో దిగాడు. ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకెళ్ళాలి, పేపర్లలో గడులన్నీ నింపి సంతకం మాత్రం ఖాళీగా వదలాలి, ఆఫీసర్ ముందే పెట్టాలి. పసిపిల్లతో గుంటూరు నుంచి రానూపోనూ కష్టమే, అమ్మనో అత్తగారినో తోడు తీసుకెళ్ళమను, పాపని బయట వాళ్ళ దగ్గర ఉంచొచ్చు.

డబ్లిన్ (కాలిఫోర్నియాదే, ఐర్లాండ్ కాదు):

ఆన్‌లైన్ నోటరీ ఎవరూ చెప్పలేదే? వీడియో కాల్లో పావుగంటలో అయిపోతుంది, నేను అలాగే చేశా. కాలిఫోర్నియా నోటరీలు ఇంకా మొదలుపెట్టలేదు గానీ వర్జీనియా వాళ్ళు 2012 నుంచే చేస్తున్నారు, వేరే స్టేట్ నోటరీ చేసింది ఇక్కడా చెల్లుతుంది.

శాన్ రామోన్:

మీకు అయింది బాబూ, పదేళ్ళ క్రెడిట్ హిస్టరీ ఉంది కాబట్టి. గుర్తింపు కోసం మామూలుగా అయిదు ప్రశ్నలు వేస్తారు, పాత అడ్రస్ ఏది, ఆ ఏడాది ఏ లోన్ తీసుకున్నారు అని, రెండు నిమిషాల్లో నాలుగు రైట్ కావాలి. అవన్నీ ఇక్కడి రికార్డుల్లోంచి తీస్తారు. హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్న అమ్మాయికి, సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోతే ప్రశ్నలు తయారవడానికే వాళ్ళ దగ్గర ఏమీ ఉండదు. మా చెల్లి రెండుసార్లు ప్రయత్నించి వదిలేసింది. పైగా కంపెనీ ఒప్పుకోవాలి కదా ముందు.

సన్నీవేల్:

అక్క చెప్పింది కరెక్టు. ఇంకో పేపర్ గురించి చెప్పి ఆపేస్తా. రెగ్ 262 అని ఓడోమీటర్ ఫారం వస్తుంది, కొంచెం మందంగా, రంగు కాగితం. అది నెట్‌లో డౌన్‌లోడ్ అవదు, ప్రింట్ తీసుకుంటే చెల్లదు, వాళ్ళు పంపిన ఆ కాగితం మీదే పెన్నుతో సంతకం పెట్టాలి. మైళ్ళు రాసేటప్పుడు దశాంశం వదిలేసి రాయాలి. ఒక్క అంకె దిద్దినా, వైటెనర్ పూసినా పనికిరాదు, కొత్తది తెప్పించుకోవాల్సిందే. సరెండర్ రోజు, అంటే బండి అప్పగించే రోజు, డీలర్ దగ్గర మీటర్ చూసి రాయడం అన్నిటికన్నా మంచిది.

టైటిల్ నీ చేతిలో లేదని కంగారు పడకు, లోన్ తీరేదాకా బ్యాంకు దగ్గరే ఉంటుంది, అదీ చాలావరకు కంప్యూటర్లోనే, కాగితం ఉండదు. బ్యాంకుకి కట్టాల్సింది కంపెనీ నేరుగా కట్టేస్తుంది, మిగిలిందే నీకు చెక్కు. అందాకా నెలనెలా కిస్తీ ఆపకు, ఇన్సూరెన్స్ ఆపకు. చాలామంది సంతకం అవగానే కిస్తీ ఆపేసి క్రెడిట్ పాడుచేసుకున్నారు.

డబ్లిన్:

చెక్కు తక్కువొచ్చిందని తర్వాత గోల పెట్టకు, మైలేజీకి కొంత కోస్తారు. మొదటిసారి ఆ ప్రాబ్లం కోసం డీలర్ దగ్గరికి తీసుకెళ్ళినప్పటి మైళ్ళని 1,20,000తో భాగించి కారు ధరతో గుణించాలి. 36,000 డాలర్ల బండి, 6,000 మైళ్ళప్పుడు తీసుకెళ్తే 1,800 పోతుంది. ఇవాళ్టి మైళ్ళు కాదు, ఆ రోజువి. రిపేర్ ఆర్డర్ మీద ఎంత రాశారో చూసుకో, నాకు వెయ్యి ఎక్కువేసి రాశారు, అడిగితే సరిచేశారు. నీ అమౌంట్ ఎంతో మాత్రం ఈ గ్రూపులో పెట్టకు, కాన్ఫిడెన్షియల్ క్లాజ్ ఉండొచ్చు.

ఫ్రీమాంట్, కొత్త మెంబర్:

అన్నా, అక్కా, అందరికీ చాలా థ్యాంక్స్. లేటుగా అప్‌డేట్ ఇస్తున్నందుకు సారీ. లాయర్ మెయిల్ పెట్టగానే మూడు వారాలు టైమిచ్చారు, నేను ఊరికే నిద్ర మానేశా. నాది వెనక్కొచ్చింది కూడా కౌంటీ ఖాళీ వల్లే! అలమీడా అని ఇప్పుడు నేనే వేలు పెట్టి చూపించి రాయించా, వేలిముద్ర కూడా వేశా. పేరు వాళ్ళు సరిచేసి కొత్త కాపీ పంపారు. మా ఆవిడ మామగారితో హైదరాబాద్ వెళ్ళి కాన్సులేట్‌లో రెండు సీళ్ళు వేయించుకుంది, పాప వాళ్ళ అమ్మమ్మ దగ్గర. ఒరిజినల్స్ కొరియర్లో వేశారు. సరెండర్ వచ్చే గురువారం అన్నారు. ఫాస్ట్రాక్ టోల్ ట్యాగ్ తీసేశా, డాష్‌బోర్డు మీద వినాయకుణ్ణి తీసేశా. రెండో తాళం మాత్రం కనబడట్లేదు, లేకపోతే డబ్బులు కట్ చేస్తారా?

సన్నీవేల్:

తాళాలన్నీ ఇవ్వాలని అగ్రిమెంట్లో ఉందేమో చూడు, ఉంటే కట్ చేసే ఛాన్స్ ఉంది. ఇల్లంతా వెతుకు. మీ ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో గానీ ఉందేమో అడుగు ఒకసారి.

ఫ్రీమాంట్, కొత్త మెంబర్:

గుంటూరులోనే ఉందన్నా. కొరియర్ కవర్ నిన్ననే వెళ్ళిపోయింది.