మ్యానిఫెస్టోకు ‘ప్రణాళిక’ సరిపోతుందా?

‘ప్రణాళిక’ అనే చక్కని మాట ఉండగా ‘మ్యానిఫెస్టో’ ఎందుకని మిత్రులొకరు అడిగారు. ఎన్నికల వరకు వారి మాట నాకు సమ్మతమే. అధికారంలోకి వస్తే ఏం చేస్తారో చెప్పే పత్రం కనుక దానికి ప్రణాళిక తగిన పేరే. సాహిత్యం దగ్గరికి వచ్చేసరికే నాకు అభ్యంతరం.

సంస్కృతంలో ప్రణాళిక అంటే నీటి కాలువ. శివాలయంలో అభిషేకజలం బయటికి పోయే తూమును ప్రణాళమనడం ఇందుకే. ముందే తవ్విన దారిలో పని సాగాలన్న భావం అందులో ఉంది కాబట్టే పంచవర్ష ప్రణాళికలకు ఆ మాట అంతగా అతికిందని నా ఊహ. లాటిన్‌లోని ‘మానిఫెస్టుస్’ అలాంటిది కాదు: దాచడానికి వీల్లేకుండా తేటతెల్లమైనదని దాని అర్థం, నేరస్థుడి విషయంలోనైతే చేస్తూ పట్టుబడినవాడని కూడా. యుద్ధానికి దిగే ఐరోపా రాజులు తమ వాదాన్ని లోకానికి చాటే పత్రాలను మ్యానిఫెస్టోలనేవారు. 1792లో పారిస్ ప్రజలను బెదిరిస్తూ, ఫ్రెంచి విప్లవం మీదికి సేనలు నడిపిన బ్రన్‌స్విక్ డ్యూక్ పేరిట వెలువడినది అటువంటిదే.

ఆ ఆయుధాన్నే 1848లో మార్క్స్, ఎంగెల్స్ తమ కమ్యూనిస్టు మ్యానిఫెస్టోతో రాజుల మీదికి తిప్పారు. అంతకుముందు ఎంగెల్స్ రాసిన చిత్తుప్రతి 25 ప్రశ్నలు, జవాబులుగా నడిచింది. ఆ పద్ధతి వదిలేసి మ్యానిఫెస్టో అని పేరు పెడదామని 1847 నవంబరులో మార్క్స్‌కు ఉత్తరం రాసినదీ ఆయనే. హిందీవారు దాన్ని ఘోషణాపత్రమన్నారు, మనం ‘కమ్యూనిస్టు ప్రణాళిక’ అన్నాం. రెండో అధ్యాయం చివర ఉన్న పది చర్యలకు మన పేరు నప్పుతుంది గాని, మిగిలినదంతా చాలావరకు చాటింపే.

1909 ఫిబ్రవరి 20న పారిస్ పత్రిక ‘ల ఫిగారో’లో ఇటలీ కవి మరినెట్టి అచ్చు వేయించిన ఫ్యూచరిస్టు (యంత్రాన్ని, వేగాన్ని కీర్తించిన కళా ఉద్యమం) మ్యానిఫెస్టోలో 11 అంశాలున్నా, వాటిని ప్రణాళిక అనడానికి నాకు నోరు రాదు. సమాజం మీద తిరగబడ్డ మన దిగంబర కవులు 1965లో తొలి సంపుటాన్ని రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. ఆ చేష్టలోనే వారి మ్యానిఫెస్టో సగం ఉంది, కాలువ తవ్వే ఓపిక అందులో లేదు. 1970లో ఏర్పడిన విరసం (విప్లవ రచయితల సంఘం) తన పత్రాన్ని ప్రణాళిక అనుకోవడం మాత్రం సబబే, ఎందుకంటే అది సభ్యులు ఒప్పుకొని నడవవలసిన సంస్థ.

మరి తెలుగు మాట? ‘ప్రకటన’ను సబ్బుల కంపెనీలు ఎప్పుడో పట్టుకుపోయాయి. ‘చాటుపత్రం’ అందామంటే చాటున రాసినదనుకునే ప్రమాదం ఉంది. ‘ఘోషణపత్రం’ కొంత బరువైనా, నా ఓటు దానికే.