ఈ వారం సమస్య: మంచులోనఁ బూలు మంట రేపె

నిర్వాహకుడు: మొన్న శనివారం సియాటిల్ దగ్గరి రైనియర్ కొండ మీద పారడైజ్ అనేచోట స్కైలైన్ బాట పట్టాం. చుట్టు తిరిగి వస్తే అయిదున్నర మైళ్లు. ఆగస్టు వచ్చినా పైన మంచు మడుగుల్లా మిగిలే ఉంది, దాని అంచునే లూపిన్ పూలు నీలంగా, పెయింట్‌బ్రష్ పూలు ఎర్రగా. ఊపిరి తీసుకోవడానికి ఆగినచోట ఈ పద్యపాదం తట్టింది. దీన్ని నాలుగో పాదంగా పెట్టి పై మూడూ పూరించండి, కానివ్వండి.

సియాటిల్ చినుకు:

కొండ వాలు మీదఁ గుంచెపూ లెఱ్ఱఁగ
విచ్చి మెఱయ నాకు వేసవందు
నిప్పు లనుచు బెదిరి నిలిచితిఁ గనుగొన
మంచులోనఁ బూలు మంట రేపె

గోదారిగట్టు: పెయింట్‌బ్రష్‌ని ‘కుంచెపూలు’ అనడం చాలా బాగుంది, ఇకమీదట నేనూ అదే వాడతాను. కానీ ‘వేసవందు’ ఎలా ఒప్పుకోను? ‘వేసవి’ చివరి ఇకారాన్ని ‘అందు’లో కలిపేసే ఇత్వసంధి అక్కడ చెల్లదు. ‘వేసవియందు’ అనాలి, అలా అంటే గణం, అంటే లఘుగురువుల కొలత, చెడుతుంది. ‘వేసవి తుద’ అని చూడండి. యతి (పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో కుదరాల్సిన పొత్తు) చెక్కుచెదరదు, పైగా ఆగస్టు కూడా పద్యంలోకి వచ్చేస్తుంది.

సియాటిల్ చినుకు: ‘వేసవి తుద’ తీసుకున్నాను, ధన్యవాదాలు. నా సంధి మీద ఇంత శ్రద్ధ పెట్టినవారు నిరుడు నల్లమల అడవి మీద ఇచ్చిన సమస్యకి ‘కనుల విందు చేసెఁ గొండ మీద’ అని రాశారు. యతిలో కకారానికి గకారం సరే, అకారానికి ఒకారంతో మైత్రి ఎక్కడిది? ఆరోజే అడిగాను, జవాబు రాలేదు.

పాత పలక: మీ ఇద్దరి సంగతి తర్వాత. నాకు ఆ కొండ మీద పూలకన్నా మార్మోట్ ఎక్కువ నచ్చింది. ఉడుతల జాతే, కాకపోతే పిల్లికన్నా లావు. బాట పక్కనే కూర్చుని లూపిన్ గుత్తులు కరకరా నమిలేస్తోంది.

ఆఱు నెలల పైన నాహార ముండదు
కొండ యుడుత మేసెఁ గోరికోరి
కడుపులోన నింకఁ గావలె ననునంత
మంచులోనఁ బూలు మంట రేపె

నిర్వాహకుడు: జఠరాగ్ని, కడుపులో ఆకలి మంట! పాదం ఇచ్చినవాణ్ని నాకే తట్టలేదు. చలికాలమంతా బొరియలో నిద్రపోయే జీవికి ఈ కొద్ది నెలల మేతే ఏడాది తిండి. మంట అంటే ఎరుపు, విరహం, సత్యభామ అలక అని వెళ్లే దారులన్నీ వదిలి కడుపులోకి దిగారు. ఈ వారం నా ఓటు దీనికే.

గోదారిగట్టు: పాత పలక గారి పూరణ గొప్పదే. అయినా చినుకు గారి ‘నిలిచితి’ని ఎవరూ పట్టించుకోలేదేం? మంట చూసి పచ్చికలోకి పరుగెత్తలేదు, బాట మీదే నిలబడ్డారు. అక్కడ మంచు కరిగి మళ్లీ కురిసేలోపు మొక్కకి దొరికేది రెండు మూడు నెలలు. ఒకసారి తొక్కితే తేరుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఫోటో కోసం పూల మధ్యలో కూర్చునేవాళ్లని చూస్తే నాకు ప్రాణం విలవిల్లాడుతుంది. ఆ ఒక్క క్రియ కోసం నా ఓటు చినుకు గారికి.

పాత పలక: ఒప్పుకుంటాను. కానీ పారడైజ్‌లో ఎక్కువగా కనిపించేది ముదురు గులాబీ రంగు కుంచె, ఎరుపు కాదు. ఇంకో మాట, ఆ రంగు రేకులది కాదు. పువ్వును చుట్టుకున్న ఆకులది. అసలు పువ్వు లోపల సన్నగా, ఆకుపచ్చగా ఉంటుంది. మంట రేపింది ఆకులండీ!

సియాటిల్ చినుకు: అది నాకు తెలియదు, తెలిసినందుకు సంతోషం. ఇంకొకటి నేను చెబుతాను. ఆ కుంచె తన వేళ్లను పక్క మొక్క వేళ్లకి తగిలించి నీళ్లూ సారమూ లాక్కుంటుంది, లూపిన్ నుంచి కూడా. పొరుగువాడి కడుపులో మంట! దాని మీద ఇంకో పూరణ మొదలుపెట్టాను, రెండో పాదం దగ్గర ఆగింది.

గోదారిగట్టు: రాయండి, ఎదురుచూస్తుంటాను. నిరుటి పాదం నాకూ నిద్ర పట్టనివ్వలేదు. తప్పు నాదే. ఇలా మార్చాను: ‘కనుల విందు చేసెఁ గాననాన’. ఇప్పుడు సరేనా?

సియాటిల్ చినుకు: సరే మాస్టారూ. నల్లమలకి ‘కానన’మే సరిపోయింది.