లాంగ్-ఈజీ రెక్క లేఅప్: ఏ రెసిన్ వాడాలి, ఎంత పట్టించాలి?

ప్రశ్న:
బర్ట్ రుటాన్ రూపొందించిన లాంగ్-ఈజీ విమానాన్ని పాత ప్లాన్ల ప్రకారం అమెరికాలో మా ఇంటి గ్యారేజీలోనే నిర్మిస్తున్నాను. వేడి తీగతో కోసిన పాలీస్టైరీన్ ఫోమ్ రెక్కపై గ్లాస్ క్లాత్ (గాజు పోగుల బట్ట) పరచి, గట్టిపడే జిగురైన రెసిన్‌తో తడపవలసి ఉంది; దీనినే లేఅప్ అంటారు. చవకగా దొరికే పాలియెస్టర్ రెసిన్ వాడవచ్చునా? క్లాత్‌కు రెసిన్ సరిపోయిందని ఎలా గుర్తించాలి?

మొదటి జవాబు:
పాలియెస్టర్ వద్దండి. అందులోని స్టైరీన్ అనే ద్రావకం మీ ఫోమ్‌ను కరిగించివేస్తుంది కనుక ఎపాక్సీ రెసినే వాడాలి. ముందుగా ఎపాక్సీలో మైక్రోబెలూన్లు (పొడిలా ఉండే అతిచిన్న బోలు గోళాలు) కలిపి పల్చగా ఫోమ్‌పై పూస్తే దాని రంధ్రాలు నిండిపోయి, క్లాత్‌కు అందవలసిన రెసిన్‌ను ఫోమ్ పీల్చుకోదు. బాగా తడిసిన క్లాత్ పారదర్శకంగా కనబడుతుంది. తెల్లమచ్చలుంటే లోపల గాలి ఉన్నట్టు, పైన మడుగు కట్టి మెరిస్తే రెసిన్ ఎక్కువైనట్టు. అదనపు రెసిన్ బరువునే తప్ప బలాన్ని పెంచదు. దానిని స్క్వీజీతో (రెసిన్‌ను లాగే చదునైన పలకతో) ఓపికగా లాగివేయండి.

రెండో జవాబు:
తర్వాత మరో పొర అతికించవలసిన చోటల్లా పీల్ ప్లై (తర్వాత ఊడదీసే పైబట్ట) వేయండి; గట్టిపడ్డాక ఊడదీస్తే అతుకుకు అనువైన గరుకుతలం మిగులుతుంది. నా దృష్టిలో అంతకంటె ముఖ్యమైనది పోగుల దిశ. యూనీ క్లాత్ (పోగులు దాదాపు అన్నీ ఒకే దిశలో ఉండే గ్లాస్ క్లాత్) బలమంతా పోగుల వెంబడే ఉంటుంది కాబట్టి ప్లాన్లలో చూపిన కోణాన్ని ఏమాత్రం మార్చకండి.

ప్రశ్న వేసినవారు:
కృతజ్ఞతలు. యురేథేన్ ఫోమ్‌ను కూడా వేడి తీగతో కోయవచ్చునా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఎంతమాత్రం కోయకూడదు, విషవాయువులు వెలువడతాయి. దానిని కత్తితో చెక్కి, గరుకు కాగితంతో రుద్దాలి.