ఆరు స్మోక్ అలారాల్లో ఒకటి పోయింది: అదొక్కటే మార్చాలా, అన్నీ మార్చాలా?

మెట్లగది: మెయిన్స్ కరెంటు మీద నడిచే స్మోక్ అలారాలు ఆరు. వైరుతో కలిపినవి, ఒకటి మోగితే ఆరూ మోగుతాయి. మెట్ల పైనున్నది నలభై సెకన్లకోసారి కీచుమంటోంది. లోపలి 9 వోల్టుల బ్యాటరీ కొత్తది వేసినా ఆగలేదు. మిగతా ఐదూ టెస్ట్ బటన్ నొక్కితే బాగానే మోగుతున్నాయి. ఒక్కటి మారిస్తే చాలా?

ఫేజ్_న్యూట్రల్: చాలదండీ. దాన్ని బేస్ నుంచి తిప్పి దించి, వెనక అచ్చేసిన తేదీ చూడండి. స్మోక్ అలారం ఆయుష్షు సాధారణంగా 10 ఏళ్లు. అదీ తయారైన తేదీ నుంచి, బిగించిన రోజు నుంచి కాదు. కొత్త బ్యాటరీ వేశాక కూడా కీచు ఆగలేదంటే చాలా మోడళ్లలో ఆయుష్షు తీరిందనే అర్థం. ఆరూ ఒకేసారి బిగించినవైతే ఆరిటికీ గడువు తీరినట్టే.

తిరుగుమర: ఒకటి పోతే ఆరు అమ్మడం ఈ వ్యాపారంలో మామూలైపోయింది. అదే కంపెనీ, అదే మోడల్ దొరికితే ఒకటి చాలు. ఎం.సి.బి. (బోర్డులో ఆ సర్క్యూట్‌కు కరెంటు ఆపే స్విచ్) దించాలి, అలారం తిప్పి తీయాలి, ప్లగ్ చెవులు రెండూ నొక్కి లాగాలి, కొత్తదానికి అదే ప్లగ్ పెట్టాలి. పది నిమిషాల పని.

దీపం22: ఆరింట్లో వంటింట్లో ఉన్నదేమిటో చూసుకోండి. అక్కడ స్మోక్ అలారం కాదు, పొగకు కాకుండా వేడికి మోగే హీట్ అలారం ఉండాలి. లేకపోతే పోపు పెట్టినప్పుడల్లా ఇల్లంతా మోగుతుంది, చివరికి ఎవరో ఒకరు ఊడదీసి పక్కన పడేస్తారు.

ఫేజ్_న్యూట్రల్: తిరుగుమర గారూ, ప్లగ్ ఎక్కినంత మాత్రాన అలారం సరిపోయినట్టు కాదు. అందులో మూడు వైర్లుంటాయి: ఫేజ్, న్యూట్రల్, ఒకటి మోగితే మిగతావాటికి చెప్పే సిగ్నల్. సిగ్నల్ వైరు మీద ఎంత వోల్టేజి ఎలా పంపాలన్నది ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. వేరే రకం ప్లగ్ ఎక్కినా లోపల పిన్నుల వరుస మారితే సిగ్నల్ వైరులోకి ఫేజ్ రావచ్చు. అప్పుడు పాడయ్యేది ఒక్కటి కాదు, ఆ వైరు మీదున్నవన్నీ.

తిరుగుమర: నేను రాసింది "అదే కంపెనీ, అదే మోడల్" అని. వేరే కంపెనీ సంగతి ఎవరడిగారు?

ఫేజ్_న్యూట్రల్: పదేళ్ల కిందటి మోడల్ ఇప్పుడు అమ్మకంలో ఉండటం అరుదు. ఒకే కంపెనీలో కూడా పాత వరుసకీ కొత్త వరుసకీ కలవకపోవచ్చు. ఏ మోడల్ దేనితో కలుస్తుందో మాన్యువల్‌లో ఉంటుంది. ప్లగ్ చూసి కాదు, అది చూసి కొనాలి.

తిరుగుమర: మళ్లీ ప్లగ్ దగ్గరికే వచ్చారు.

కొత్తగోడ: ఆరూ ఒకే సర్క్యూట్ మీద ఉన్నాయా? పై అంతస్తువి ఒక ఎం.సి.బి. మీద, కిందివి ఇంకోదాని మీద ఉంటే, చాలా రకాల్లో సిగ్నల్ కరెంటు న్యూట్రల్ గుండా తిరిగొస్తుంది కాబట్టి ఆర్.సి.డి. (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) ఊరికే ట్రిప్ కావచ్చు. రోజూ వాడే లైట్ల సర్క్యూట్ మీద ఉంటే మేలు, కరెంటు పోతే వెంటనే తెలుస్తుంది.

తిరుగుమర: సర్క్యూట్ సంగతి తర్వాత. ఐదూ మోగుతున్నాయని ఆయనే రాశారు. పనిచేస్తున్న వస్తువును పారేయమనడానికి మీ దగ్గర తేదీ తప్ప ఆధారం లేదు.

ఫేజ్_న్యూట్రల్: టెస్ట్ బటన్ దేన్ని పరీక్షిస్తుందో తెలియకుండా సలహాలివ్వకండి.

తిరుగుమర: తెలియదన్న మాట వెనక్కి తీసుకుని, తెలిసింది చెప్పండి.

ఫేజ్_న్యూట్రల్: సరే, ఆ మాట తప్పు, తీసుకున్నాను. ఇక విషయం. బటన్ నొక్కితే కరెంటు, హారన్, వైరు, లోపలి సర్క్యూట్ బాగున్నాయని తెలుస్తుంది. కొన్ని మోడళ్లు పొగ వచ్చినట్టు లోపలే నటిస్తాయి కూడా. కానీ గదిలోని పొగ జాలీ దాటి, పొగను పసిగట్టే చాంబర్‌లోకి వస్తోందా అన్నది బటన్‌కు తెలియదు. జాలీకి దుమ్ము, నూనె జిడ్డు, సాలీడు గూడు పట్టి ఉన్నా అది మోగుతుంది. కాంతితో పొగను పసిగట్టే ఆప్టికల్ రకంలో చాంబర్ లోపలికి దుమ్ము చేరితే కాంతి దాని మీద చెదిరి ఊరికే మోగుతుంది. జాలీ మూసుకుపోతే ఆలస్యంగా మోగుతుంది, లేదా మోగదు. మొదటిది విసిగిస్తుంది కాబట్టి తెలుస్తుంది. రెండోది నిజంగా అంటుకున్న రోజు దాకా తెలియదు. నా భయమంతా దాని గురించే.

తిరుగుమర: ఇది మొదటి పోస్టులోనే రాసి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. అయితే పరీక్షకు వాడే పొగ స్ప్రే ఉంది. మాన్యువల్ చెప్పినంత దూరం నుంచి కొట్టి చూడొచ్చు కదా?

ఫేజ్_న్యూట్రల్: తప్పకుండా చూడాలి. పొగ లోపలికి వెళ్తోందని అది నిరూపిస్తుంది. కానీ స్ప్రే పొగ చిక్కగా ఉంటుంది. పరుపు నెమ్మదిగా రాజుకుని పలచటి పొగ వస్తున్నప్పుడు సమయానికి పసిగడుతుందో లేదో దాంతో తేలదు.

మెట్లగది: దించి చూశాను. హాలుది 2019. వంటింటి హీట్ అలారంతో సహా మిగతా ఐదూ 2014.

తిరుగుమర: 2014వి ఐదూ మార్చండి, ఇక వాదించను. 2019ది మాత్రం పారేయొద్దు, దానికింకా ఆయుష్షుంది.

ఫేజ్_న్యూట్రల్: కొత్త మాన్యువల్‌లో ఆ 2019 మోడల్ పేరుంటే ఉంచండి, లేకపోతే అదీ మార్చాలి. బిగించేటప్పుడు: ఎం.సి.బి. దించాక ఆరిటి పచ్చ లైట్లూ ఆరాయో లేదో చూసి, ప్రతి వైరునీ టెస్టర్‌తో ముట్టుకోండి, సిగ్నల్ వైరును కూడా. పాత బేస్ ఉంచేయకుండా కొత్తదాంతో వచ్చిన బేస్, ప్లగ్ వాడండి. అలారానికి ఎర్త్ అక్కర్లేకపోతే ఆ వైరు కత్తిరించకుండా విడి కనెక్టర్‌లో బిగించి వదిలేయండి. గోడకీ లైటుకీ కనీసం 30 సెంటీమీటర్ల దూరం ఉండాలి. వైరింగ్ అలవాటు లేకపోతే ఇక్కడి నుంచి ఎలక్ట్రీషియన్ పని. చివర్లో ఒక్కోదాని బటన్ నొక్కి మిగతా ఐదూ మోగాయో లేదో వినండి. తర్వాత ఎం.సి.బి. దించి బ్యాటరీ మీద మళ్లీ అదే చేయండి.

తిరుగుమర: ఒకటి వదిలేశారు. సీలింగ్‌లో వైరు వచ్చే రంధ్రం చుట్టూ ఖాళీని సీలెంట్‌తో మూయాలి. పైనుంచి గాలి దిగుతుంటే వచ్చే పొగను అలారం దగ్గరికి రాకుండా పక్కకి నెట్టేస్తుంది. రంగులు వేసే పనుంటే, పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ మూత పని అయ్యేదాకా ఉంచి, అయిన రోజే తీసేయండి.

మెట్లగది: హాలు మోడల్ పేరు మాన్యువల్‌లో ఉంది, దాన్ని ఉంచుతున్నాను. స్ప్రే కూడా తెప్పిస్తున్నాను, ముందు దాని మీదే కొట్టి చూస్తాను.