ఎక్సెల్ షీట్ నుంచి వెబ్‌సైట్‌కి: ల్యాబ్ పరికరాల బుకింగ్ ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా ల్యాబ్‌లో మైక్రోస్కోపులు, సెంట్రిఫ్యూజ్‌లు అన్నీ కలిపి 30 దాకా పరికరాలున్నాయి. ఎవరికి ఏది ఎప్పుడు కావాలో ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకుంటున్నాం. ఒకరు రాసింది ఇంకొకరి చేతిలో చెరిగిపోతోంది. ఒకే టైముకి ఇద్దరొచ్చి నిలబడుతున్నారు. దీన్ని వెబ్‌సైట్‌గా మార్చే పని మా గైడ్ గారు నాకు అప్పజెప్పారు. పైథాన్ ఓ మోస్తరుగా వచ్చు, డేటాబేస్ మాత్రం కొత్త. షీట్‌లో ఉన్న పేరు, రోల్ నంబర్, ఫోన్, పరికరం1, పరికరం2, పరికరం3, తేదీ, టైమ్ కాలమ్స్‌నే ఒక టేబుల్‌గా పెట్టేస్తే సరిపోతుందా? ఏ డేటాబేస్ మంచిది? వాడేవాళ్లు 200 మంది లోపే.

మొదటి జవాబు

సరిపోదండీ. ముందు ల్యాప్‌టాప్ పక్కన పెట్టి ఒక కాగితం తీసుకోండి. వాడేవాళ్లు మిమ్మల్ని రోజూ ఏం అడుగుతారో వాళ్ల మాటల్లోనే రాయండి. "రేపు మధ్యాహ్నం ఈ మైక్రోస్కోప్ ఖాళీయేనా?" "పోయిన నెల సెంట్రిఫ్యూజ్‌ని ఎవరెవరు ఎన్ని గంటలు వాడారు?" ఈ ప్రశ్నలకు తేలిగ్గా జవాబు దొరికేలా టేబుల్స్ ఉండాలి.

మీ షీట్‌తో రెండో ప్రశ్న వేసి చూడండి. సెంట్రిఫ్యూజ్ కోసం మూడు కాలమ్స్‌లోనూ వెతకాలి. ఎవరికైనా నాలుగో పరికరం కావాలంటే టేబుల్‌నే మార్చాలి. పైగా ఒకరి ఫోన్ నంబర్ మారితే వాళ్ల బుకింగులు ఎన్ని ఉంటే అన్ని చోట్లా మార్చాలి, ఎక్కడో ఒకటి మిగిలిపోతుంది. ఒకే సంగతి పది చోట్ల ఉంటే వచ్చే ఈ బెడద గురించి, 1970లో ఎడ్గర్ కాడ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త రిలేషనల్ మోడల్‌ని (డేటాని ఇలా టేబుల్స్‌గా పెట్టే పద్ధతిని) ప్రతిపాదించిన పేపర్‌లోనే ఉంది.

మీకు మూడు టేబుల్స్ చాలు: వ్యక్తులు, పరికరాలు, బుకింగులు. బుకింగులో వ్యక్తి పేరు ఉండదు, వ్యక్తి ఐడీ ఉంటుంది. ఒక వరుస ఇలా ఉంటుంది: బుకింగ్ 57, వ్యక్తి 12, పరికరం 4, మొదలు 10:00, ముగింపు 11:30, తేదీతో సహా. ఒకే మనిషి మూడు పరికరాలు తీసుకుంటే మూడు వరుసలు, అంతే.

డేటాబేస్ గురించి ఇప్పుడే టెన్షన్ వద్దు. ఎస్‌క్యూలైట్‌తో మొదలుపెట్టండి. డేటా అంతా ఒకే ఫైల్‌లో ఉంటుంది. ఒకసారికి ఒక్కరే రాయగలరన్నది నిజమే కానీ, ఒక బుకింగ్ రాయడానికి పట్టేది రెప్పపాటు కాలం. పైథాన్ వచ్చు కాబట్టి జాంగో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) తీసుకోండి, డేటాని చూసి మార్చుకునే అడ్మిన్ పేజీలు దాంతోనే వస్తాయి. జాంగో లేకుండా నేరుగా వాడితే మాత్రం ఎస్‌క్యూలైట్‌లో ఫారిన్ కీ తనిఖీ, అంటే బుకింగులో రాసిన వ్యక్తి ఐడీ వ్యక్తుల టేబుల్‌లో నిజంగా ఉందో లేదో చూడటం, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ఆన్ చెయ్యాలి.

రెండో జవాబు

పై జవాబుకి నా అనుభవం కలుపుతాను. ఇలాంటిదే ఒకటి కట్టినప్పుడు రోల్ నంబర్‌ని సంఖ్యగా పెట్టాను. 00457 కాస్తా 457 అయి కూర్చుంది. పాత రికార్డులతో ఒక్కటీ కలవలేదు, రెండు రోజులు కూర్చుని చేత్తో సరిచేశాను. కూడికలూ తీసివేతలూ చెయ్యని నంబర్ ఏదైనా టెక్స్ట్‌గానే పెట్టండి.

పాస్‌వర్డ్‌ల జోలికి మీరు వెళ్లకపోవడమే మేలు. అందరికీ ఇప్పటికే యూనివర్సిటీ లాగిన్ ఉంటే, దాన్నే మీ సైట్‌కి కలపడం కుదురుతుందేమో కంప్యూటర్ సెంటర్ వాళ్లను అడగండి. ఇంకో మాట: ల్యాబ్ టెక్నీషియన్ పక్కన ఓ అరగంట కూర్చోండి. షీట్‌లో లేని సంగతులన్నీ ఆయన తలలో ఉంటాయి.

మళ్లీ అడిగినవారు

చాలా థ్యాంక్సండీ, మూడు టేబుల్స్ అయ్యాయి. ఒకచోట ఇరుక్కుపోయాను. 10:00 నుంచి 11:30 వరకు బుకింగ్ ఉంది. ఇంకొకరు 11:00 నుంచి 12:00 అడిగితే సైట్ ఒప్పేసుకుంటోంది. ఆరేడు ఇఫ్‌లు రాశాను, ఒకటి పట్టుకుంటే ఇంకోటి జారిపోతోంది.

మొదటి జవాబు ఇచ్చినవారు

ఇఫ్‌లన్నీ తీసెయ్యండి, రెండే షరతులు కావాలి. ఉన్న బుకింగ్ మొదలు, కొత్తదాని ముగింపు కంటే ముందు ఉండాలి. ఉన్న బుకింగ్ ముగింపు, కొత్తదాని మొదలు కంటే తర్వాత ఉండాలి. రెండూ నిజమైతేనే గొడవ. మీ ఉదాహరణలో 10:00 అనేది 12:00 కంటే ముందు, 11:30 అనేది 11:00 కంటే తర్వాత, కాబట్టి ఆపాలి. అదే 11:30కి మొదలయ్యే బుకింగ్ అయితే రెండో షరతు తప్పుతుంది, హాయిగా ఇవ్వొచ్చు. వేరే పరికరానివీ, రద్దయినవీ ఈ లెక్కలోకి రానివ్వకండి.

ఈ తనిఖీ, వరుస చేర్చడం రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (అయితే మొత్తం, లేకపోతే ఏదీ జరగని ఒకే పనిగా) జరగాలి. రాసే లాక్, అంటే మీ పని అయ్యేదాకా ఇంకెవరూ రాయకుండా ఆపే తాళం, తనిఖీకి ముందే తీసుకోండి. లేకపోతే ఇద్దరు ఒకేసారి నొక్కినప్పుడు ఇద్దరికీ "ఖాళీ" అనే కనిపిస్తుంది. రేపెప్పుడైనా పోస్ట్‌గ్రెస్ అనే పెద్ద డేటాబేస్‌కి మారితే, టైములు ఒకదానిమీద ఒకటి పడకుండా చూసే పని డేటాబేస్‌కే అప్పజెప్పవచ్చు.

రెండో జవాబు ఇచ్చినవారు

బ్యాకప్ ఇప్పుడే పెట్టుకోండి. రోజూ రాత్రి ఒక కాపీ వేరే మెషీన్‌కి వెళ్లాలి. నెలకోసారి ఆ కాపీని తెరిచి, నిన్నటి బుకింగ్ అందులో ఉందో లేదో కళ్లారా చూడండి. మీ థీసిస్ అయ్యాక దీన్ని చూసుకునేవాళ్ల కోసం, ఎలా నడపాలో ఒక పేజీ రాసి గైడ్ గారి దగ్గర ఉంచండి.

అడిగినవారు

రెండు షరతులతో పని అయిపోయింది! టెక్నీషియన్ గారితో కూర్చున్నాను. రిపేర్‌లో ఉన్న పరికరాన్ని ఎవరూ బుక్ చెయ్యకుండా ఆపడం ఎలా అన్నదే ఆయన అడిగిన మొదటి ప్రశ్న. పరికరాల టేబుల్‌లో దానికో కాలమ్ చేరుస్తున్నాను.